జుట్టు కానిది

ఎగ్మూరులో ఆ హాలు ముందు
చెప్పులు విడవాలో అక్కర్లేదో తెలియక
ఆండాళత్త కాసేపు గడప మీదే నిలబడింది.
నవంబరు వాన. గొడుగు నా చేతికిచ్చి
కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని
"పద, ఆ జపాను ఆడవాళ్లని చూద్దాం" అంది
మగపెళ్లివారి పెత్తనంతో.

చింతాద్రిపేటలో నలభైయేళ్లు
టేకు దిమ్మెల మీద అద్దకం అచ్చులు చెక్కిన మనిషి.
ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ సగమే పెరుగుతుంది.

గోడ నిండా ఆడవాళ్లు.
అద్దంలో మెడ వెనక చూసుకుంటూ ఒకతె,
పళ్లకు నల్లరంగు పూసుకుంటూ ఒకతె,
కుట్టుమిషను చక్రం మీద చెయ్యేసి
ఎవరో పిలిచినట్టు తల తిప్పి ఒకతె.
దొరసాని గౌనులో ఒకతె.
ఆమె నడుము మాత్రం ఇంకా కిమోనోలోనే ఉంది,
నిలబడ్డ తీరు చూస్తే తెలుస్తుంది.

నేను కింద అతికించిన కాగితాలు చదివి చెబుతున్నాను:
రాజధానికి పేరు మార్చారట,
రైళ్లొచ్చాయట, గ్యాసు దీపాలొచ్చాయట.
"మన ఊరికీ మార్చారుగా" అంది అత్త, ఇటు తిరక్కుండానే.
ముక్కు గాజుకి తగిలేంత దగ్గరికి పోయింది.
కాపలా కుర్రాడు "అమ్మా, తళ్ళి నిల్లుంగ" అంటే
ఒక్క అంగుళం తగ్గింది.

"ఈ ఎరుపు చిరివేరుది కాదు, డబ్బాది.
మా నాయన కాలంలో మనకీ ఇట్లాగే వచ్చింది,
అరుచుకుంటూ."

తర్వాత ఒక నుదుటి దగ్గర ఆగిపోయింది.
చెంప మీంచి పైకి దువ్విన వెంట్రుకలు,
దేనికదే, ఊపిరి తగిలితే కదిలేలా.
"చూడవే సుగుణా, జుట్టును ఎవరూ చెక్కరు.
జుట్టు కానిదాన్ని తీసేస్తారు.
ఉలి ఒక్క నూగంత జారిందా,
పిల్లకి అక్కడ బట్టతల."
నవ్వింది. మళ్లీ చూసింది.
"ఎవడు చెక్కాడు?"

బొమ్మ గీసినవాడి పేరుంది, అమ్మినవాడి పేరుంది,
సంవత్సరం ఉంది.
"రాయలేదత్తా."
"రాయరు" అంది.
కోపంగా కాదు. గుడ్డ పన్నా చెప్పినట్టు చెప్పింది.

చివరి గోడ మీద
చెవుల దాకా జుట్టు కత్తిరించుకున్న పిల్ల.
వేళ్ల మధ్య సిగరెట్టు, మణికట్టుకు గడియారం,
ఎవరినీ ఏమీ అడగని పెదవులు.
తలంతా ఒకటే నల్లటి ముద్ద.
"ఎంత ధైర్యమో చూశావా" అన్నాను.
"పాపం, వాడికి పని తగ్గింది" అంది అత్త.

బయటికొచ్చేశాం అనుకున్నాను.
గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి నడిచింది.
"కాదు కాదు, ఇక్కడ చూడు, మెడ మీద,
కత్తెర పడ్డ చోట నాలుగు వెంట్రుకలు విడిగా వదిలాడు.
ఎవడూ అడిగుండడు.
చెయ్యి ఊరుకోలేదు వాడికి."

టీ కొట్టు రేకు కింద వాన చప్పుడు.
గ్లాసు అరచేతుల మధ్య తిప్పుతూ తనే మొదలుపెట్టింది.
"లంగా అంచులకి హంసలు అడగడం మానేశాక
నైటీల పువ్వులొచ్చాయి.
అయిదు రేకులు, మధ్యలో ఓ గుండ్రం, అంతే.
పిల్లలైనా చెక్కేస్తారు.
సిగ్గేసి, ఒక్కో పువ్వులో ఒక రేకుకి
చిన్న పురుగు కాటు పెట్టేదాన్ని.
మద్రాసులో సగంమంది ఆడవాళ్లు అది వేసుకునే
నీళ్ల లారీ వెనక బిందెలతో నిలబడ్డారు.
ఒక్కతె చూస్తే ఒట్టు."

మా అమ్మకో నీలం నైటీ ఉండేది.
నాకు ఆరేళ్లప్పుడు, అది చిరుగనుకుని
సూదిలో తెల్లదారం ఎక్కించి
ఆ రేకును కుట్టబోయి దెబ్బలు తిన్నాను.

అత్త గ్లాసు అడుగున మిగిలిన టీని రోడ్డు మీద విసిరింది.
నేను ఇంకా ఆమె గోరునే చూస్తున్నాను,
చెప్పడం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక.